హుడ్ అంచున నక్కా, ప్లాస్టిక్కా? బొచ్చు, నూగు, ఉన్ని, గొంగడిలో ఎవరికి ఏది

నవంబరులో మా అక్క కూతురికి ఒక జాకెట్ వచ్చింది. జనవరిలో చికాగో దగ్గర ఒక ఊరికి చదువుకు వెళుతోంది, చలికి భయపడి ముందుగానే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. తల మీద కప్పుకునే హుడ్ అంచు చుట్టూ బూడిదరంగు బొచ్చు. మా అమ్మ దాన్ని చేత్తో నిమిరి, "ఇది దేని బొచ్చు బిడ్డా?" అని అడిగింది. పిల్ల చీటీ తిప్పి చూసి, "ఫాక్స్ ఫర్, అమ్మమ్మా" అంది. పక్కన హోంవర్కు చేసుకుంటున్న మా చిన్నవాడు తల ఎత్తకుండానే, "ఫాక్స్ అంటే నక్క" అన్నాడు. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, నేరుగా వెళ్లి కడుక్కుంది. ఆ జాకెట్ వారం రోజులు దేవుడి గది వైపు రాలేదు.

చీటీ మీద ఉన్నది నక్క కాదు. అది ఫ్రెంచి మాట, 'ఫో' అని పలకాలి, నకిలీ అని అర్థం. ఇంగ్లీషు అక్షరాల్లో రెంటికీ తేడా కనిపిస్తుంది. తెలుగులో రాసేసరికి నక్కా నకిలీ ఒకటైపోతాయి. ఆన్‌లైన్ దుకాణాల తెలుగు పేజీల్లో ఈ తికమక ఇంకా ఎక్కువ. ఆ వారం మా ఇంట్లో నడిచిన వాదనలో మింక్, పశ్మీనా, బాతు ఈకలు, చివరికి అటక మీది గొంగడి దాకా అన్నీ వచ్చాయి. మా వైపు నుంచి చలిదేశాలకు వెళ్లే పిల్లలకూ, ఇక్కడే ఉండి నల్గొండ డిసెంబరు తెల్లవారుజాముల్ని ఈదే పెద్దవాళ్లకూ పనికొస్తుందని అందులో తేలిన సంగతులు రాస్తున్నాను.

ముందు ఇవి తేల్చుకోండి

దుకాణంలో చెయ్యి ముందు మెత్తదనాన్ని వెతుకుతుంది. అది చివర చూడవలసిన సంగతి. మొదట చూడవలసింది మీరు నిలబడబోయే చోట చలి ఎంత, ఆ చలిలో ఎంతసేపు ఉంటారన్నది. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో చలికాలపు తెల్లవారుజామున 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటేనే చలిమంటలు వేస్తాం. చికాగోలో జనవరి రాత్రి సున్నాకు 10 డిగ్రీలు కిందికి పోవడం మామూలు. కెనడాలోని విన్నిపెగ్‌లో 20 కిందికి పోయినా ఎవరూ ఆశ్చర్యపోరు. డాలస్‌లో ఉండేవారికి మాత్రం ఏడాదిలో చాలా రోజులు మన వేసవే. "అమెరికాకు చలి కోటు" అంటూ ఒకే సరుకు లేదు. ఏ ఊరికి అన్నది ముందు చెప్పాలి.

తరువాతిది తడి. పొడి మంచు వేరు, కరిగి కారే మంచు వేరు, లండన్ తరహా ముసురు వేరు. కొన్ని దుస్తులు పొడి చలికి పులులు, తడిస్తే పిల్లులు.

మూడోది ఎవరూ అడగనిది: ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ వస్త్రం ఎక్కడ ఉంటుంది? వేసవిలో 45 డిగ్రీలు తాకే ఊరు మనది. రేకుల గదిలో, ఇనప బీరువాలో మూడు నెలలు ఉడికాక కూడా బాగుండేది ఏది? బొచ్చుకోట్ల ప్రకటనలు చలిదేశాల్లో తయారవుతాయి కాబట్టి వాటిలో ఈ ప్రశ్న ఉండదు.

ఆ తరువాత ప్రాణి, చట్టం. ధర మీకు నేను చెప్పనక్కరలేదు.

ప్రాణి గురించి నా మాట ముందే చెప్పేస్తాను. మా ఇంట్లో ఆదివారం మటన్ వండుతారు. అమ్మ పెళ్లిళ్లకు పోచంపల్లి పట్టు కడుతుంది, ఆ దారం కోసం పట్టుపురుగును గూడులోనే చంపి గూటిని మరిగిస్తారు. అందుచేత హుడ్ అంచు మీది జానెడు బొచ్చుకు మేం ముక్కు మూసుకోవడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టే ఉంటుంది. అయినా నాకొక గీత ఉంది. కత్తిరించిన బొచ్చు ఒకటి, దాన్ని ఇచ్చి ప్రాణి మళ్లీ మందలో కలుస్తుంది. తిండి కోసం కోసినదాని తోలో ఈకలో ఇంకొకటి. కేవలం బొచ్చు కోసం పంజరంలో పెంచి చంపేది మూడోది. మొదటి రెండింటిలో మంచిచెడ్డలు ఉన్నాయి, మాట్లాడుకోవచ్చు. మూడోదాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. మీ గీత వేరే చోట ఉండవచ్చు, కానీ కొనేముందు అది ఎక్కడుందో తెలిసి ఉండటం మంచిది.

ఒక చూపులో

| రకం | ఎంత చలికి | తడిస్తే | మన ఎండాకాలంలో దాచితే | ప్రాణి సంగతి |
|---|---|---|---|---|
| అసలు బొచ్చు (మింక్, నక్క) | సున్నాకు బాగా కిందికి | కొంత ఓర్చుకుంటుంది | తోలు ఎండి పగులుతుంది | బొచ్చు కోసమే చంపుతారు |
| ప్లాస్టిక్ బొచ్చు | ఓ మోస్తరు | నీరు పట్టి అట్టకడుతుంది | ఏమీ కాదు | ప్రాణి లేదు, పెట్రోలియం ఉంది |
| బాతు నూగు జాకెట్ | సున్నాకు బాగా కిందికి | ఉండకట్టి వెచ్చదనం పోతుంది | నలగగొట్టకుండా ఉంచితే బాగుంటుంది | ఎక్కువగా మాంసపు బాతులవి |
| సన్న ఉన్ని (మెరినో) | లోపలి పొరగా ఎంత చలికైనా | తడిసినా వెచ్చగానే | పురుగు కొరుకుతుంది | కత్తిరిస్తారు |
| గొంగడి | మన చలికి కావలసినంత | చినుకు జారిపోతుంది | వేపాకు వేస్తే తరాలు | కత్తిరిస్తారు |
| బొంత | మన చలికి | మోయలేం | ఏమీ కాదు | ప్రాణి లేదు |

పట్టికలో అన్నీ సమానంగా కనిపిస్తాయి. అసలు సంగతి పట్టిక బయట ఉంది.

అసలు బొచ్చు

వెచ్చదనంలో దీనికి వంక పెట్టలేం. పైన పొడుగు వెంట్రుకలు, కింద దూదిలాంటి చిక్కని నూగు, దాని కింద గాలిని ఆపే తోలు. ఆ నూగులో ఇరుక్కున్న గాలే దుప్పటి. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యుయిట్ ప్రజలు హుడ్ అంచుకు వుల్వరైన్ అనే జంతువు బొచ్చునో తోడేలు బొచ్చునో కుడతారు, అదీ అందానికి కాదు. ఊపిరిలోని తడి గడ్డకట్టి అంచుకు పేరుకుంటే, ఆ బొచ్చు మీది మంచును చేత్తో దులిపితే రాలిపోతుంది. ముఖం మీద గాలి వేగం కూడా తగ్గుతుంది. జాకెట్ల మీద మనం చూసే అంచు అలంకారానికి మూలం అక్కడ ఉంది. సున్నాకు 30 డిగ్రీలు కింద రోజంతా బయట పనిచేసేవాడికి అది పనిముట్టు. బస్సు దిగి తరగతి గదికి నడిచే విద్యార్థికి అది అలంకారమే.

ఫ్యాషన్ బొచ్చులో ఎక్కువ భాగం అడవి నుంచి రాదు, తీగ పంజరాల నుంచి వస్తుంది. మింక్ అంటే మన ముంగిసను పోలిన చిన్న ప్రాణి. నిండు కోటుకు 50, 60 మింక్‌లు కావాలి. నీళ్లలో ఈదే, ఒంటరిగా తిరిగే జంతువును ఇరుకు పంజరంలో పెంచి, చలికాలంలో బొచ్చు చిక్కబడ్డాక వాయువు పెట్టి చంపుతారు. 2020 నవంబరులో కోవిడ్ వైరస్ మింక్ ఫారాల్లో మారిపోయి మనుషులకు పాకుతోందని డెన్మార్క్ తన దేశంలోని మింక్‌లన్నింటినీ చంపించింది. కోటిన్నరకు పైగా. ఆ దెబ్బ నుంచి ఆ వ్యాపారం కోలుకోలేదు.

ఫ్యాషన్ వ్యాపారంలోని పెద్ద పేర్లు అంతకుముందే పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టాయి. గుచ్చి 2017లో, ప్రాడా 2019లో బొచ్చు మానేస్తామన్నాయి. చలి కోట్లకే పేరుపడిన కెనడా గూస్ 2021లో ఆ మాట అంది. ఇజ్రాయెల్ 2021లో ఫ్యాషన్ కోసం బొచ్చు అమ్మకాన్ని నిషేధించింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుంచి కొత్త బొచ్చు దుస్తులు అమ్మకూడదు. మన దేశం 2017 జనవరిలోనే మింక్, నక్క, చించిల్లా (ఎలుక జాతి ప్రాణి) బొచ్చు దిగుమతిని ఆపేసింది. కాబట్టి ఇక్కడ ఎవరైనా "కొత్త దిగుమతి మింక్" అని చూపిస్తే, అది మింక్ అయినా కాకపోయినా మీకు చిక్కే.

ఇవేవీ పట్టనివారికి ఎండ మాట చెబుతాను. బొచ్చుకోటును వేసవిలో పది డిగ్రీల చల్లదనంలో, తగినంత తేమ ఉన్న గదిలో వేలాడదీస్తారు. చలిదేశాల్లో దానికోసం అద్దె గదులే ఉన్నాయి. మన మే నెలలో అది ఉండాలంటే ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన చోటు చూడాలి. లేకపోతే తోలు అప్పడంలా ఎండిపోతుంది, వెంట్రుకలు కుదుళ్లతో రాలుతాయి. లక్షలు పోసి కొన్నది మూడు వేసవులకు బోడిగుండు.

ఇక్కడే ఇంకో మాట. మా వైపు పాత ఇళ్లలో జపానికి కూర్చునే జింక చర్మం ఒకటి కనిపిస్తుంది. నల్లమల పక్కనే ఉన్న జిల్లాలం, ఒకప్పుడు వేటలు సాగాయి, ఆ చర్మాలు ఇళ్లకు వచ్చాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అలాంటివి కొనడం, అమ్మడం నేరం. తాతల నాటిది అటక మీద ఉంటే దాన్ని ఎవరికైనా ఇచ్చే ముందు అటవీశాఖవారిని అడగండి. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి ధర అడగడం మాత్రం చేయకండి.

ప్లాస్టిక్ బొచ్చు

మా మేనకోడలి హుడ్ మీద ఉన్నది ఇదే. అక్రిలిక్, పాలియెస్టర్ వంటి పోగుల్ని గుడ్డ మీద కుచ్చులుగా నిలబెడతారు. ప్రాణి పోదు, చవక, బీరువాలో ఎన్ని వేసవులైనా పడి ఉంటుంది. తప్పులూ తక్కువేమీ కాదు. ఊపిరి తడికి అంచు అట్టకట్టి గడ్డకడుతుంది. నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, అందుకే దీపావళి రోజు దీన్ని తొడగకండి. ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. పారేస్తే మట్టిలో కలవదు. బ్రిటన్ రాణి ఎలిజబెత్ కొత్త దుస్తులకు ఇకనుంచి నకిలీ బొచ్చే వాడతారని 2019లో ప్రకటన వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. అయితే రాణిగారి కోటు ఏళ్ల తరబడి వాడేది, మనం పండుగకొకటి కొని మానేసేది. ప్లాస్టిక్ బొచ్చు విషయంలో తేడా అంతా అక్కడే ఉంది.

నా సలహా: బొచ్చు అంచును బొత్తాలతోనో జిప్పుతోనో విడదీయగలిగే జాకెట్ చూసుకోండి. ఉతికేటప్పుడు తీసేయవచ్చు, విసుగొస్తే మానేయవచ్చు.

చీటీ కన్నా అగ్గిపుల్ల నయం

చీటీ అబద్ధం చెప్పడం రెండు వైపులా ఉంది. నకిలీని అసలని అమ్మడం పాతది. అసలును నకిలీ అని అమ్మడం కొత్తది. కుందేలు బొచ్చు కొన్ని చోట్ల మంచి ప్లాస్టిక్ బొచ్చు కన్నా చవక కావడమే కారణం.

మా వాదన తెగక, ఒక సాయంత్రం వంటింట్లో స్టీలు పళ్లెం, అగ్గిపెట్టె, పట్టకారు పెట్టుకుని కూర్చున్నాం. హుడ్ అంచు నుంచి నాలుగు పోగులు లాగి పట్టకారుతో మంట దగ్గర పెట్టాను. మంట తగలకముందే ముడుచుకుపోయి, కరిగి, చివర ఆవగింజంత నల్లటి పూస కట్టింది. చల్లారాక గోటితో నొక్కితే గట్టిగా ఉంది. వాసన కాలిన ప్లాస్టిక్ సంచిది. అమ్మ ముఖం విప్పారింది. అప్పుడు మా చిన్నవాడు తన బడి సంచికి వేలాడుతున్న గులాబిరంగు బొచ్చు బంతి తెచ్చి, "దీన్ని కూడా చూడు నాన్నా" అన్నాడు. జాతరలో కొన్నది, నలభై రూపాయలు. నాలుగు వెంట్రుకలు తీసి మంట చూపించాను. చిటచిటమని కాలి, కమురు వాసన వంటింటి నిండా పట్టింది. బూడిదను వేళ్ల మధ్య రుద్దితే పొడి అయింది. అది వెంట్రుకే. రంగు వేసిన కుందేలు అయి ఉండాలి. జాకెట్‌ను వారం రోజులు అంటరానిదిగా చూసిన ఇంట్లో ఆ బంతి ఆరు నెలలుగా అన్నం బల్ల మీద ఉంటోంది.

కాల్చలేని చోట మొదలు చూడండి. వెంట్రుకల్ని పాయ తీస్తే కింద నేత గుడ్డ కనిపిస్తే నకిలీ, తోలు కనిపిస్తే అసలు. అసలు వెంట్రుక కొన వైపు సన్నబడి సూదిలా ఉంటుంది, ప్లాస్టిక్ పోగు మొదలూ కొనా ఒకే మందం. ఈ పరీక్ష దుకాణంలోనే చేసుకోవచ్చు, దుకాణదారుడు మొహం మాడ్చుకున్నా సరే.

నూగు జాకెట్

చికాగో లాంటి పొడి చలికి నేను ముందు చూపేది ఇది. బాతుల, హంసబాతుల పొట్ట దగ్గరి నూగును సన్నని గుడ్డ గదుల్లో నింపుతారు. అరచేతిలో మడిచిపెట్టేంత తేలిక. చీటీ మీద 'ఫిల్ పవర్' అని ఒక అంకె ఉంటుంది, నూగు ఎంత పొంగుతుందో దాని కొలత. 600, 700 ఉంటే విద్యార్థికి చాలు. 800 పైబడినవి కొండలెక్కేవారి లెక్క.

దీని బలహీనత నీరు. తడిస్తే నూగు ఉండలు కట్టి, జాకెట్ ఖాళీ సంచిలా వేలాడుతుంది. కాబట్టి పైగుడ్డ నీరు పట్టనిది అయి ఉండాలి. బతికున్న బాతు నుంచి నూగు పీకడం అనే దారుణం ఈ వ్యాపారంలో ఉంది. దాన్నీ, బలవంతంగా తిండి కుక్కి పెంచడాన్నీ ఒప్పుకోని ఆర్.డి.ఎస్. అనే ముద్ర చీటీ మీద ఉందేమో చూడండి. కొనడం అక్కడికి వెళ్లాకే మేలు. ఏ ఊరి చలికి ఏది సరిపోతుందో ఆ ఊరి దుకాణానికి తెలిసినంతగా మనకు తెలియదు, పైగా వాళ్ల చలికాలం చివర ధరలు తగ్గుతాయి.

ఉన్ని: సన్నది, ఖరీదైనది, నేరమైనది

మొదట మన రోడ్డు పక్క స్వెటర్ గురించి. చలికాలం రాగానే నల్గొండ గడియారం సెంటరు దగ్గరా మహబూబ్‌నగర్‌లోనూ వరసగా వేలాడదీసే స్వెటర్లలో చాలావరకు అక్రిలిక్. లూథియానా నుంచి వచ్చినంత మాత్రాన ఉన్ని కాదు. అవి చెడ్డవని కాదు, బండి మీద పొద్దున పాలకు పోయేవాడికి అవే చాలు. ఉన్ని అనుకుని ఎక్కువ ధర ఇవ్వకండి, అంతే.

చలిదేశానికి వెళ్లేవారు ఇక్కడ కొనదగినది సన్నని మెరినో ఉన్ని లోదుస్తులు, రెండు జతలు. మెరినో పోగు మనిషి వెంట్రుకలో మూడో వంతు మందమో అంతకన్నా తక్కువో ఉంటుంది. పోగు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే చర్మానికి గుచ్చుకుంటుంది, దీనిది 20 లోపే. తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు, చెమట కంపు పట్టదు. రోజూ ఉతికే తీరిక లేని విద్యార్థికి ఇంతకన్నా ఏం కావాలి? ఆస్ట్రేలియాలో ఈగల బెడద తప్పించడానికి గొర్రెపిల్ల తోక చుట్టూ చర్మం కోసేసే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని మ్యూల్సింగ్ అంటారు. అది చేయలేదని రాసి ఉన్నవి దొరుకుతాయి, ధర కాస్త ఎక్కువ.

ఖరీదైనది పశ్మీనా. లడాఖ్ చంగ్‌థంగ్ మేకల మెడ, పొట్ట దగ్గరి నూగును వసంతంలో అది రాలే వేళకు దువ్వి తీస్తారు. మేక బతికే ఉంటుంది. పోగు 12 నుంచి 16 మైక్రాన్లు. ఎగ్జిబిషన్‌లో రెండు వేలకు మూడు శాలువలు ఇచ్చే పెద్దమనిషి చేతిలో ఉన్నది పశ్మీనా కాదని చెప్పడానికి అగ్గిపుల్ల కూడా అక్కరలేదు.

నేరమైనది షాతూష్. టిబెట్ పీఠభూమి మీద తిరిగే చిరు అనే జింక లాంటి జంతువు నూగు ఇది. దువ్వడానికి అది దొరకదు, కాబట్టి చంపుతారు. ఒక్క శాలువకు మూడు నుంచి ఐదు ప్రాణాలు. 1979 నుంచి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. మన చట్టంలో చిరు మొదటి షెడ్యూలులో ఉంది, పట్టుబడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. "ఉంగరంలోంచి దూరుతుంది చూడండి" అని ఎవరైనా గుసగుసగా చూపిస్తే అక్కడి నుంచి లేచిపోండి.

గొంగడి

ఇక మా ఇంటి అటక మీదిది. దక్కని జాతి నల్లగొర్రె ఉన్ని. కురుమలు మందల్ని మేపి, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఆడవాళ్లు ఏకి, వడికి, దారం చేస్తారు. గుంట మగ్గం మీద నేస్తారు. చింతగింజల గంజి పట్టిస్తారు. రంగు వేయరు, గొర్రె రంగే గొంగడి రంగు. ఒగ్గుకథలో కురుమల కులదైవం బీరప్ప పుట్టుక వింటే ఈ గొర్రె, ఈ ఉన్ని ఒక కులానికి దేవుడిచ్చిన వరంగా వినిపిస్తాయి. 1946 జూలై 4న కడవెండిలో తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు కూలినప్పుడు ఆ ఊరు నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఆయన గొర్రెల కాపరుల ఇంటి బిడ్డ. అప్పటి నుంచి మా వైపు గొంగడి, చేతికర్ర కలిసి కనిపిస్తే దానికో అర్థం ఉంది.

అర్థాలు పక్కన పెట్టి పనికి చూస్తే, గొంగడి ఒకటే అయినా నాలుగు వస్తువుల పని చేస్తుంది. పరుచుకుంటే చాప, కప్పుకుంటే దుప్పటి, ఒక మూల మడిచి తల మీద వేసుకుంటే గొడుగు, చుట్టి పెట్టుకుంటే తలదిండు. నేతలో ఉన్న బిగువు, ఉన్నిలోని సహజమైన జిడ్డు కలిసి చినుకును జారుస్తాయి. జడివానలో గంట నిలబడితే తడిసి బరువెక్కుతుంది, కాదనను. కానీ తడిసినా వెచ్చగా ఉంటుంది. నూగు జాకెట్‌కు లేని గుణం అది.

గుచ్చుకుంటుంది. ఈ ఒక్క మాట గొంగడి అమ్మేవారు చెప్పరు, నేను చెబుతాను. ఒంటికి నేరుగా తగిలితే పసిపిల్లలు ఏడుస్తారు. కింద నూలు దుప్పటి వేసి మీద ఇది కప్పుకోవాలి. కొత్తదానికి గంజి వాసన, గొర్రె వాసన రెండూ ఉంటాయి, నాలుగు ఎండలకు పోతాయి.

అసలుది దొరకడమే ఇప్పుడు కష్టం. మాంసానికి గిరాకీ పెరిగి మందల్లో నెల్లూరు జాతి నిండింది. దాని ఒంటి మీద పొట్టి వెంట్రుకలే, వడకడానికి ఉన్ని ఉండదు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. గొర్రెలు పెరిగాయి గాని మగ్గం గుంటలు అలాగే ఉన్నాయి. సంతల్లో గొంగడి పేరుతో పానిపట్టు మిల్లు దుప్పట్లు చాలా వస్తాయి, పాత బట్టల్ని పీకి మళ్లీ వడికిన నూలు అది. తేడా ఇలా చూడండి: చారెడు నీళ్లు పోస్తే అసలు గొంగడి మీద ముత్యాల్లా నిలుస్తాయి, మిల్లు దుప్పటి వెంటనే తాగేస్తుంది. అసలు దాని దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం. మరీ నున్నగా, నల్లగా, ఒకే తీరుగా ఉంటే అనుమానించండి. నారాయణపేట వైపో సూర్యాపేట వైపో తెలిసిన కురుమ ఇంటికి వెళ్లి చెప్పి నేయించుకోవడం అన్నిటికన్నా మంచి దారి. నెలో రెండు నెలలో ఆగవలసి వస్తుంది.

ఉతకడం తక్కువ చేయండి. ఎండలో పరిచి కర్రతో దులిపితే చాలు. మడతల మధ్య ఎండు వేపాకు వేయండి. కలరా ఉండలు కూడా పనిచేస్తాయి, కానీ ఆ వాసన మీద పడుకోవడం నాకు సరిపడదు.

ఏ ప్రాణినీ ముట్టనివారికి

పాత నూలు చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టిన బొంతను మించింది మన చలికి లేదు. అది ఖర్చు కూడా కాదు, సూది పని తెలిసిన పెద్దమ్మ ఒకరు ఉంటే చాలు. చలిదేశానికి వెళ్లేవారైతే నూగు బదులు పాలియెస్టర్ దూది నింపిన జాకెట్ చూడండి. కాస్త బరువు, కాస్త లావు, కానీ తడిసినా పనిచేస్తుంది. వాంకూవర్, సియాటిల్ లాంటి ముసురు ఊళ్లకు ప్రాణి సంగతి పట్టనివారికి కూడా నేను ఇదే చెబుతాను.

మీరు ఎవరు?

చికాగో, టొరంటో వైపు చదువుకు పోయే పిల్లలైతే: ఇక్కడ రెండు జతల మెరినో లోదుస్తులు, అక్కడ నూగు జాకెట్. బొచ్చు అంచు ఉన్నా లేకపోయినా ఒకటే, ఉంటే ప్లాస్టిక్‌దే ఉండనివ్వండి.

పెళ్లి ఫోటోలకు భుజం మీద బొచ్చు వేసుకోవాలని ముచ్చటపడే అమ్మాయిలైతే: అద్దెకు తెచ్చుకోండి, అదీ ప్లాస్టిక్‌ది. డిసెంబరు ముహూర్తం అయినా హోమం పక్కన కూర్చునే ముందు తీసేయండి.

పొలానికి, మందకు, పొద్దుటి నడకకు వెళ్లేవారైతే: గొంగడి. నడకకు బరువనిపిస్తే అక్రిలిక్ స్వెటర్, మొహమాటం లేకుండా.

కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకైతే: మంచం మీద కింద గొంగడి, పైన బొంత. బరువైన దుప్పటి మోకాళ్ల మీద వేయకండి.

హోదా కోసం కొనాలనుకునేవారైతే: అసలు పశ్మీనా ఒకటి కొనండి. కశ్మీర్ పశ్మీనాకు భౌగోళిక గుర్తింపు ఉంది, పరీక్షించి ముద్ర వేసినది అడిగి తీసుకోండి. మింక్ కోటు ధరలో చిన్న భాగం కూడా కాదు, మన వేసవికి చావదు.

మా మేనకోడలు చివరికి ఏం చేసిందంటే, హుడ్ అంచును జిప్పు తీసి ఇంట్లోనే వదిలేసింది. పోగులు ప్లాస్టిక్ అని తేలాక కూడా అమ్మమ్మ ముట్టుకోవడానికి ఇష్టపడలేదు మరి. గొంగడి తీసుకుపొమ్మని అమ్మ పట్టుబట్టింది. విమానం వాళ్లు ఒక్కో పెట్టెకు 23 కిలోలే ఒప్పుకుంటారు, పచ్చళ్లకూ పొడులకూ పోను మిగిలిన చోటులో అది పట్టలేదు. ఇప్పుడు అమ్మ దాన్ని అటక మీదికి ఎక్కించకుండా తన మంచం మీదే పరుచుకుంది. బొచ్చు అంచు మాత్రం మా చిన్నవాడి దగ్గర ఉంది, తోక చేసుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు.